నెలకు 340 మెయిళ్లు, ఒక సొంత ఐపీ, మా బాబాయి

మా బాబాయి విజయవాడలో ట్యాక్స్ కన్సల్టెంట్. ప్రతి నెలా 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేయాలి కాబట్టి, 18న ఓ 340 మంది క్లయింట్లకి "ఈ నెల ఇంత కట్టాలి" అని మెయిల్ వెళ్లాలి. మిగతా రోజుల్లో పది, పదిహేను మెయిళ్లు పోతే గొప్ప.

మొదట్లో హోస్టింగ్‌తో పాటు వచ్చిన షేర్డ్ సర్వర్ నుంచే పంపేవాళ్లం. అదే ఐపీ (ఇంటర్నెట్‌లో సర్వర్ అడ్రసు) మీద ఉన్న ఇంకెవడో స్పామ్ కొట్టాడు, ఐపీ బ్లాక్‌లిస్టుకెక్కింది, సరిగ్గా ఆ వారమే మా మెయిళ్లన్నీ వెనక్కొచ్చాయి. "ఒరేయ్, నీకు ఇవన్నీ తెలుసని మీ నాన్న చెప్తాడేంట్రా?" అని బాబాయి ఫోన్. రోషంతో ఒక వీపీఎస్ (అద్దెకి దొరికే విడి సర్వర్) తీసుకుని, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ వేసి, సొంత ఐపీ పెట్టేశాను. ఇక ఎవడి పాపమూ మనకి అంటదు కదా అనుకున్నాను.

మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్, ఐపీ వెనకున్న సర్వర్ పేరు చెప్పే రివర్స్ డీఎన్ఎస్ (పీటీఆర్) పెట్టడం ఒక పూట పని, దాని గురించి రాయడానికేం లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: సర్వర్ మీకు తెలియకుండా ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రసు) మీద కూడా పంపుతుండొచ్చు, దానికి పీటీఆర్ లేకపోతే మెయిల్ గుమ్మంలోనే ఆగిపోతుంది. నేను ఐపీవీ4 ఒక్కటే వాడమని సెట్టింగ్ మార్చేసి ఊరుకున్నాను.

ఆ నెల 18న పొద్దున్నే 340 మెయిళ్లూ ఐదు నిమిషాల్లో పంపాను. లాగ్ నిండా "సెంట్", ఒక్క బౌన్స్ (వెనక్కొచ్చిన మెయిల్) లేదు, కాలర్ ఎగరేశాను. సాయంత్రానికి తెలిసిందేంటంటే సగానికి పైగా స్పామ్ ఫోల్డర్లో ఉన్నాయి. అవతలి సర్వర్ "250 ఓకే", అంటే అందింది, అని మర్యాదగా తీసుకుంటుంది, లోపలికెళ్లాక ఏ అరలో పడేసిందో మన లాగ్‌కి చెప్పదు. బౌన్స్ అయితేనే నయం, కనీసం కారణమైనా రాసి పంపిస్తుంది.

మా ఐపీకి చెడ్డపేరేమైనా ఉందేమో అని బ్లాక్‌లిస్టులన్నీ వెతికాను. ఎక్కడా లేదు. అసలు గొడవేంటంటే దానికి పేరే లేదు. ఒక ఐపీ మంచిదో కాదో తేల్చుకోవాలంటే మెయిల్ సర్వీసులకి దాన్నుంచి రోజూ ఎంతో కొంత కనబడుతుండాలి, అదీ ఈమధ్య కాలంలో. ఊళ్లోకి కొత్తగా దిగినవాడు పాతిక రోజులు తలుపు తీయకుండా ఉండి, ఒకరోజు తెల్లారగానే 340 ఇళ్ల తలుపులు కొడితే ఎవరు తీస్తారు? హ్యాక్ అయిన సర్వర్ కూడా అచ్చం అలాగే ప్రవర్తిస్తుంది మరి.

పోనీ మన పరిస్థితేంటో చూసుకుందామంటే కుదరదు. పంపేవాళ్ల పేరెలా ఉందో చూపే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మాలాంటి చిన్నవాళ్లకి గ్రాఫులు ఖాళీగానే ఉంటాయి. అలాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ ఎస్ఎన్‌డీఎస్‌లో రోజుకి వంద మెయిళ్లయినా దాటితే తప్ప ఆ రోజు లెక్క కనబడదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పెట్టిన గట్టి నియమాలు రోజుకి 5,000 పంపేవాళ్లకే కదా అని ఊరుకునేవాళ్లున్నారు, కానీ పీటీఆర్, టీఎల్ఎస్ (దారిలో ఎన్‌క్రిప్షన్), ఎస్పీఎఫ్ లేదా డీకిమ్, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉండటం, ఇవి అందరికీ వర్తిస్తాయి. 340లో ఇద్దరు క్లయింట్లు విసుగొచ్చి "రిపోర్ట్ స్పామ్" నొక్కితే 0.3 దాటిపోయినట్టే.

ఐపీ వార్మప్, అంటే కొత్త ఐపీ నుంచి మెల్లమెల్లగా మెయిళ్లు పెంచుకుంటూ పోయే పట్టికలు నెట్‌లో బోలెడున్నాయి. మొదటి రోజు 50, తర్వాత 100, తర్వాత 200, అలా వేలల్లోకి. మాకు ఆ పట్టిక మూడో రోజుకే అయిపోతుంది! బాట్లతో ఉత్తుత్తి మెయిళ్లు ఇచ్చిపుచ్చుకునే వార్మప్ సర్వీసుల జోలికి మాత్రం పోకండి, దొంగ చప్పట్లు కొట్టించుకోవడం అది.

నేను చేసింది మెయిళ్లు పెంచడం కాదు, పరచడం. ఒకటో తేదీ నుంచి పదో తేదీ దాకా రోజుకి 35 మందికి చిన్న మెయిల్: "ఈ నెల అమ్మకాలు ఉంటే బిల్లులు పంపండి, లేకపోతే నిల్ అని రిప్లై ఇవ్వండి". అమ్మకాలు లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే కాబట్టి ఆ జవాబు బాబాయికి ఎలాగూ కావాలి, ఆ రిప్లైల వల్ల మా డొమైన్‌కి జరిగిన మేలు ఇంకే సెట్టింగ్ వల్లా జరగలేదు. 14న జీఎస్టీఆర్-2బీ (కొనుగోళ్ల మీద వచ్చే పన్ను క్రెడిట్ లెక్క) వచ్చాక, కట్టాల్సిన మొత్తం ఉన్న మెయిల్ రోజుకి 70 చొప్పున ఐదు రోజులు. సబ్జెక్టులో "అర్జెంట్!!!" తీసేశాను, జిప్ ఫైళ్లు ఆపేశాను, ఎప్పుడో వెళ్లిపోయిన క్లయింట్ల చచ్చిన అడ్రసులు ఏరేశాను. అన్నిటికంటే కష్టమైంది బాబాయిని ఒప్పించడం. "అందరికీ ఒకేరోజు పంపకపోతే ఎవరికి పంపానో ఎవరికి లేదో నాకెలా తెలుస్తుందిరా" అన్నాడు. ఎక్సెల్‌లో ఒక కాలమ్ పెట్టి, మెయిల్ వెళ్లినవాళ్లకి పచ్చరంగు వచ్చేలా చేస్తే గానీ శాంతించలేదు.

మూడు నెలలు పట్టింది. ఇప్పుడు స్పామ్‌లో పడిందని ఫోన్ చేసేవాళ్లు నెలకి ఇద్దరో ముగ్గురో.

నిజం చెప్పాలంటే ఇంత చిన్న పనికి సొంత ఐపీ అక్కర్లేదు. పోస్ట్‌మార్క్ లాంటి సర్వీసే నెలకి 3 లక్షల మెయిళ్లు ఉంటే తప్ప విడి ఐపీ ఇవ్వనంటుంది. మంచి షేర్డ్ రిలే (మన తరఫున మెయిళ్లు పంపిపెట్టే సర్వీసు) తీసుకుని, మన డొమైన్‌తోనే డీకిమ్ సంతకం పెట్టుకుంటే, వచ్చే పేరు చాలావరకు డొమైన్‌కే వస్తుంది, రేపు ఐపీ మారినా అది మనతోనే వస్తుంది. నాది వట్టి పంతం, ఇంత చేశాక వదల్లేకపోతున్నాను.

ఐటీ రిటర్నుల సీజన్‌లో ఇంకో 500 మంది కలుస్తారు. ఈసారి నెల ముందు నుంచే రోజుకి ఇరవై చొప్పున మొదలుపెడదాం అన్నాను. ఆ ఎక్సెల్‌లో ఇంకో రంగు కావాలన్నాడు బాబాయి.