అమ్మమ్మ వాళ్ళ అమ్మ

మధ్యాహ్నం సెకండియర్ పిల్లలకి మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ పాఠం. అంటే కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండి, తల్లి నుంచి మాత్రమే బిడ్డకి వచ్చే డీఎన్‌ఏ. తిరుపతి ఎండకి సగం మంది కళ్ళు మూతలు పడుతున్నాయి, కరీబియన్ దీవి ప్యూర్టోరికో సంగతి ఎత్తుకునేసరికి లేచి కూర్చున్నారు.

కొలంబస్ 1493లో ఆ దీవికి చేరాడు, 1508 నుంచి స్పెయిన్ వాళ్ళు అక్కడ పాతుకుపోయారు. అక్కడి టైనో జనం బంగారం కోసం వెట్టిచాకిరీ చేసి, మశూచి తగిలి, కొద్ది దశాబ్దాల్లోనే తుడిచిపెట్టుకుపోయారని చాలాకాలం రాసుకుంటూ వచ్చారు. కానీ జన్యుశాస్త్రవేత్త మార్టినెజ్ క్రుసాడో బృందం దీవి జనం నమూనాలు పరీక్షిస్తే, 61 శాతం మందిలో తల్లి నుంచి వచ్చే ఆ డీఎన్‌ఏ అమెరికా మూలవాసులదేనని తేలింది. 27 శాతం ఆఫ్రికాది, మిగిలిన కాస్తే యూరప్‌ది. తండ్రి నుంచి కొడుక్కి పోయే వై క్రోమోజోమ్‌లో ఇదంతా తారుమారు: ఎక్కువ భాగం యూరప్‌ది, మూలవాసులది దాదాపు కనబడదు.

"అయితే టైనో మగవాళ్ళు ఏమయ్యారు మేడమ్?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. చచ్చిపోయారు, బతికినవాళ్ళకి వంశం నిలవలేదు, ఆడవాళ్ళు మాత్రం వచ్చినవాళ్ళ పిల్లల్ని కన్నారు, అందులో వాళ్ళ ఇష్టం ఎంతో మీరే ఆలోచించండి అన్నాను. దీన్ని 'రక్తాలు కలిశాయి' అని మెత్తగా చెప్పేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

61 శాతం అంటే జనంలో అంత టైనో రక్తం ఉందని కాదు, ఇదీ బోర్డు మీద రాశాను. పది తరాలు వెనక్కి వెళితే మనకి 1024 మంది పూర్వీకుల స్థానాలు, మైటోకాండ్రియా వచ్చేది అందులో ఒకే ఒక్క ఆడమనిషి నుంచి. మొత్తం జన్యువుల్లో మూలవాసుల వాటా సగటున 10-15 శాతమే. అయినా ఆ కొంచెమూ నిజమైనదే. బహామాస్‌లో ఎల్యూథెరా దీవి గుహలో దొరికిన ఒక స్త్రీ పన్ను, వెయ్యేళ్ళ నాటిది, దాని జీనోమ్, అంటే మొత్తం జన్యు సమాచారం, 2018లో బయటికొచ్చింది. నేటి ప్యూర్టోరికో వాళ్ళలోని మూలవాసి భాగం ఆమె జనానికి దగ్గరగా ఉంది.

మొన్న అమావాస్యకి కపిలతీర్థంలో తమ్ముడు తర్పణాలు వదులుతుంటే పక్కనే ఉండి విన్నాను. అమ్మ వైపు అమ్మమ్మ పేరు వచ్చింది, ఆ పైన తాతయ్య వాళ్ళమ్మ, ఆయన నాయనమ్మ. అమ్మమ్మని కన్నతల్లి ఆ వరసలోనే లేదు. నా మైటోకాండ్రియా వచ్చింది ఆమె నుంచే.

సాయంత్రం చిత్తూరుకి ఫోన్ చేసి అడిగితే అమ్మ "మా అమ్మమ్మ కామాక్షమ్మ కదే" అని టక్కున చెప్పింది. ఆమె తల్లి ఎవరంటే "ఏమోనమ్మా, కాణిపాకం పక్క ఊరామె అనేవాళ్ళు" అంది. కుప్పంలో పెద్దమ్మకి తెలిసుండొచ్చట. రేపు పొద్దున్నే ఆమెకి ఫోన్ చేయాలి.