బ్రాడీపేటలో వాల్వుల టీవీ

ఏలూరులో తెల్లవారుజామున రైలెక్కేటప్పటికి నా బ్యాగు ఇరవై కిలోలు దాటింది. అందులో బట్టలు ఒక్క జతే. మిగతాదంతా వోల్టేజిని తిప్పి పెంచే వేరియాక్, సెట్‌ను ఇంటి కరెంటు నుంచి వేరు చేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, మీటరు, సోల్డరింగ్ ఐరన్, ఒక డబ్బా నిండా చార్జి నిలవచేసే కెపాసిటర్లు, వంద వాట్ల బల్బు ఒకటి. గుంటూరులో వాళ్ల పిన్నిగారింట్లో పాత టీవీ ఉందని, పాతసామాన్లవాడు తూకానికి అడుగుతున్నాడని మా మిత్రుడు ఫోన్ చేశాడు. "వాల్వులున్నాయా?" అన్నాను. వెనక అట్ట చిల్లుల్లోంచి ఫోటో తీసి పంపాడు. లోపల గాజు బుడ్లు కనిపించాయి. ట్రాన్సిస్టర్లు రాకముందు వాటి పని చేసినవి ఈ వాల్వులే. ఆ శనివారమే బయల్దేరాను.

విజయవాడలో దిగి బస్సు పట్టుకున్నాను. వారధి ఎక్కగానే కుడివైపు ప్రకాశం బ్యారేజీ, తర్వాత మంగళగిరి గాలిగోపురం, ఆ తర్వాత ఊరింకా రాకముందే గుంటూరు. అంటే మిరపకాయల ఘాటు. ఫిబ్రవరి కదా, సరుకు యార్డుకు వచ్చే రోజులు. బ్రాడీపేటలో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే చాలు, ఆటో ఇంటిముందే ఆగుతుంది.

టీవీ హాల్లోనే ఉంది. నాలుగు కాళ్లు, టేకు రంగు పెట్టె, ముందు పక్కకు జరిపే చెక్క షట్టరు, దానికి తాళం. ఇరవై అంగుళాల బ్లాక్ అండ్ వైట్. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. పిన్నిగారి భర్త అప్పుడక్కడే ఉద్యోగం, ఆ మరుసటేడు కొన్నారట. తర్వాత గుంటూరు బదిలీ అయితే లారీలో తెచ్చుకున్నారు. ఇక్కడ దూరదర్శన్ రిలే కేంద్రం లేదు. అది వచ్చేదాకా టీవీ మీద దుప్పటి కప్పి, పైన ఫ్లవర్ వాజ్ పెట్టుకున్నామని చెప్పారు. బొమ్మ రాని టీవీని అన్నేళ్లు తుడిచి పెట్టుకున్నారంటే నాకు ఆ ఇంటి మీద గౌరవం కలిగింది.

"ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూడు నాయనా, వెలుగుతుందేమో" అన్నారు పిన్నిగారు.

"ఇప్పుడు కాదు పిన్నిగారూ" అన్నాను. ఐదేళ్ల కిందట తెనాలి నుంచి తెచ్చిన సెట్‌ను సరిగ్గా ఆ ఆత్రంతోనే పోగొట్టుకున్నాను. ఏళ్ల తరబడి కరెంటు చూడని కెపాసిటర్లు లీకయ్యాయి, పీఎల్ 504 అనే వాల్వు లోపలి ప్లేటు నిప్పుకణికలా ఎర్రబడింది, నేను స్విచ్చి కట్టేసేలోపు పిక్చర్ ట్యూబ్‌కు వేల వోల్టులు (ఈహెచ్‌టీ) అందించే ట్రాన్స్‌ఫార్మర్ మైనం కాలిన వాసన వచ్చేసింది. వాల్వు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. ఆ వాసన గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వెనక అట్ట విప్పాను. వేలు మందాన దుమ్ము, బల్లిగుడ్ల పెంకులు, అడుగున ఒక మూలకి జారిపోయిన టీవీ లైసెన్సు పుస్తకం. అప్పట్లో టీవీకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, 1985లో గానీ తీసెయ్యలేదు. పిన్నిగారు దాన్ని కొంగుతో తుడిచి, భర్త సంతకం ఉన్న పేజీ దగ్గర ఆగి, ఏమీ అనకుండా లోపలికి తీసుకెళ్లారు.

ముందు పిక్చర్ ట్యూబ్ మీది రబ్బరు టోపీ కిందకి స్క్రూడ్రైవర్ పోనిచ్చి, లోపలి లోహపు చట్రానికి, అంటే చాసిస్‌కు, కలిపి చార్జి దింపాను. పదిహేను వేల వోల్టులకు పైగా నడిచే చోటది, మొహమాటం పనికిరాదు. ఇంకో సంగతి. ఈ సెట్లలో ఇంటి కరెంటు (మెయిన్స్) తీగ ఒకటి నేరుగా చాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం ఫేజే. వేరియాక్ వోల్టేజి తగ్గిస్తుందే గానీ మెయిన్స్‌ను వేరు చెయ్యదు. అందుకే ఎంత బరువైనా ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేను గడప దాటను.

వాల్వులను వేడెక్కించే సన్నటి తీగలు, ఫిలమెంట్లన్నీ వరసగా ఒకే తీగకు గుచ్చినట్టుంటాయి, అన్నిటిలోనూ 300 మిల్లీయాంపుల కరెంటే. చవితి పందిట్లో సీరియల్ సెట్టు లాగా, ఒక్కటి తెగితే అన్నీ ఆరిపోతాయి. ఒక్కో వాల్వూ ఊడదీసి 4, 5 కాళ్ల మధ్య మీటరు పెడుతూ వచ్చాను. పీఎల్ 504 బాగుంది. పీసీఎల్ 805 బాగుంది. పీవై 88 దగ్గర ముల్లు కదల్లేదు, దాని ఫిలమెంట్ తెగిందన్నమాట.

ఆ సాయంత్రమంతా కాయితం కెపాసిటర్లు మార్చడంతోనే సరిపోయింది. పెద్ద ఎలక్ట్రోలిటిక్ డబ్బాను మాత్రం విప్పి పక్కన పెట్టి, ఒక రెసిస్టర్ ద్వారా కొద్దికొద్దిగా వోల్టేజి పెంచుతూ వచ్చాను. లోపలి అల్యూమినియం రేకు మీద అరిగిపోయిన ఆక్సైడ్ పొర మళ్లీ కట్టుకోవాలి, దానికి తొందర తెలియదు. గోంగూర పచ్చడన్నం తిని హాల్లోనే పడుకున్నాను. రాత్రి రెండు మూడుసార్లు లేచి చూశాను. లీకేజీ తగ్గుతూ వచ్చి, తెల్లారేసరికి నిలకడ పడింది.

ఆదివారం మళ్లీ విజయవాడ. గవర్నర్‌పేటలో పాత విడిభాగాలు అమ్మే పెద్దాయనకు ముందే ఫోన్ చేశాను, నా కోసం షాపు తెరిచారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ ఊరు వాల్వు రేడియోల మీద పెరిగిన ఊరు. ఆయన కూడా రేడియో మెకానిక్ దగ్గర పని నేర్చుకుని టీవీల్లోకి వచ్చారు. బల్ల కింది సొరుగు లాగితే న్యూస్‌పేపర్ ముక్కల్లో చుట్టిన వాల్వులు! బెంగళూరు బీఈఎల్ ముద్ర ఉన్న పీవై 88లు రెండు తీశారు. ఒకదాన్ని లైటు కింద పట్టుకుని, "ఇది వద్దు" అని పక్కన పెట్టేశారు. వాల్వు గాజుకు లోపలివైపు అద్దంలా మెరిసే మచ్చ ఒకటుంటుంది, గెట్టర్ అంటాం. లోపల మిగిలిన గాలిని పీల్చుకోవడం దాని పని. ఆ వాల్వులో ఆ మచ్చ పాలలా తెల్లబడింది. గాలి దూరిందన్నమాట. రెండోదానిలో ఉక్కులా నిగనిగలాడుతోంది. మీటరు కూడా పెట్టి చూసుకున్నాను. ఆయన 150 రూపాయలు తీసుకుని, మళ్లీ అదే కాగితంలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి ఇచ్చారు.

గుంటూరు చేరేసరికి పొద్దుగూకుతోంది. వాల్వు పెట్టి, వంద వాట్ల బల్బును సీరీస్‌లో కలిపి, వేరియాక్ నెమ్మదిగా తిప్పాను. ఎక్కడైనా షార్టుంటే సెట్‌కు బదులు ఆ బల్బు వెలుగుతుంది. బల్బు కాసేపు ఎర్రగా మిణికి మసకబారింది. వాల్వుల అడుగున నారింజ రంగు చుక్కలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. నేను పీఎల్ 504 ప్లేటు మీంచి చూపు తిప్పలేదు. నల్లగానే ఉంది.

"ఏదో సన్నగా కూస్తోంది" అంది పిన్నిగారి మనవరాలు. ఎనిమిదేళ్లుంటాయి. నాకు వినపడలేదు, పిన్నిగారికీ వినపడలేదు. అది సెకనుకు 15,625 గీతలు గీసే లైన్ సర్క్యూట్ కూత. అంత సన్నటి శబ్దం వయసు మీద పడ్డ చెవులకు అందదు. ఈహెచ్‌టీ వచ్చిందని నాకు చెప్పింది ఆ పిల్ల చెవులే. బల్బు తీసేసి పూర్తి వోల్టేజి ఇచ్చాను. ఇంకో అరనిమిషానికి తెర మీద తెల్లటి వెలుగు పరుచుకుంది.

యాంటెనాలో పట్టుకోవడానికి ఇప్పుడేమీ లేదు. దూరదర్శన్ అనలాగ్ ప్రసారాలు దాదాపు అన్నిచోట్లా ఆపేశారు. అందుకని బొమ్మను పాత టీవీలు పట్టుకునే వీహెచ్ఎఫ్ చానెల్‌లో పంపే చిన్న మాడ్యులేటర్ ఒకటి నా దగ్గరుంటుంది. దాన్ని యాంటెనా సాకెట్‌కు కలిపి, ట్యూనర్ తిప్పి, టెస్ట్ ప్యాటర్న్ పెట్టాను. గళ్లూ, మధ్యలో గుండ్రటి చక్రం.

పిన్నిగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఇదేగా, ప్రోగ్రాములు మొదలయ్యే ముందు వచ్చేది. దీని ముందు కూడా కూర్చునేవాళ్లం."

చక్రం పైసగం గుండ్రంగా ఉంది, కిందిసగం మాత్రం సాగింది. బొమ్మ పైనుంచి కిందిదాకా సమంగా ఉండేట్టు చూసే లీనియారిటీ సర్దాల్సిన అవసరం ఉంది, బహుశా పీసీఎల్ 805 కూడా నీరసపడి ఉంటుంది. కొత్తది నా డబ్బాలో ఉంది. దాన్ని తియ్యబోతుంటే పిన్నిగారు ఆపారు.

"అది మొదట్నుంచీ అంతే. వార్తలు చదివేవాళ్ల గడ్డాలు పొడుగ్గా కనిపించేవి. బాగు చేయిద్దామంటే మావారు, అలవాటైపోయిందిలే అనేవారు."

డబ్బా మూత పెట్టేశాను. మర్నాడు వెనక అట్ట బిగించేముందు కొత్త పీసీఎల్ 805ను కాగితంలో చుట్టి, పెట్టెలో లైసెన్సు పుస్తకం దొరికిన మూలనే పెట్టాను. ఎప్పుడైనా మార్చుకోవాలనిపిస్తే ఫోన్ చెయ్యమని చెప్పి ఏలూరు బయల్దేరాను.