పిల్లలు సంతకం పెడితే చాలదు

నేను కెనడాలో, ఒంటారియోలో ఒక కేర్ హోమ్‌లో పీఎస్‌డబ్ల్యూగా చేస్తున్నా, అంటే పెద్దవాళ్ళకి స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, అందులోనూ డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు ఉన్నవాళ్ళ ఫ్లోర్‌లోనే నా షిఫ్టులు ఎక్కువ. సెలవు మీద హైదరాబాద్ వచ్చినప్పుడల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి వచ్చే చుట్టాల్లో ఎవరో ఒకరు ఒకటే మాట అడుగుతారు, మొన్న మా పెద్దమ్మ అడిగింది, “మీ దగ్గర మతి పోయిన ముసలోళ్లకు సూది ఇచ్చి సంపుతరంట గదా బిడ్డా, పిల్లలు సంతకం పెడితే సాలంట?”

చాలదు. పిల్లలే కాదు, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్ళు, కట్టుకున్నవాళ్ళు, ఎవరూ ఇంకొకరి తరఫున అడగడానికి లేదు. డాక్టర్ సాయంతో ఇలా చనిపోవడాన్ని మెయిడ్ అంటారు, కెనడాలో 2016 నుంచి చట్టం ఉంది. అడగాల్సింది ఆ మనిషే, 18 ఏళ్ళు నిండి, అక్కడి ప్రభుత్వ వైద్యానికి అర్హత ఉండి, ఏం అడుగుతున్నారో తెలిసి అడగాలి, ఇద్దరు డాక్టర్లో, వైద్యం చేసే అర్హత ఉన్న పెద్ద నర్సులు అంటే నర్స్ ప్రాక్టీషనర్లో విడివిడిగా చూసి ఒప్పుకోవాలి. సాక్షిగా మాలాంటి జీతానికి చేసేవాళ్ళు ఉండొచ్చు గానీ ఆస్తి వచ్చేవాళ్ళు ఉండకూడదు.

డిమెన్షియాతో అసలు చిక్కు టైమ్. జబ్బు కొత్తలో తెలివి ఉంటుంది కానీ చట్టం అడిగేంత ముదరదు, ముదిరాక అడిగే తెలివి ఉండదు, ఆ మధ్యలో దొరికే కొంచెం టైమ్‌లోనే అడగాలి, అంటే ఇంకొన్నాళ్ళు బాగానే ఉండే మనిషి ముందే వెళ్ళిపోవాలి. హాలిఫాక్స్‌లో ఆడ్రీ పార్కర్ అని ఒకావిడ, ఆవిడది క్యాన్సర్, ఆఖరి రోజు సమ్మతి చెప్పే స్థితిలో ఉండనేమో అన్న భయంతో 2018 నవంబర్ 1న అలాగే ముందే వెళ్ళిపోయింది. 2021లో చేసిన సవరణని ఆవిడ పేరుతోనే పిలుస్తారు. చావు దగ్గర్లోనే ఉందని తేలి, ఆమోదం వచ్చి, తేదీ కూడా ఖాయమైతే, ఆ రోజుకి తెలివి పోయినా పర్లేదని డాక్టర్‌తో ముందే రాసుకోవచ్చు. కానీ ఆ రోజు ఆ మనిషి మాటతోనో మూలుగుతోనో చెయ్యి తోసేసో వద్దన్నట్టు చేస్తే ఆ కాగితం చెల్లదు. మా ఫ్లోర్‌లో మాటలు పోయినవాళ్ళకి మిగిలేది ఆ చెయ్యి తోసేయడమే, స్పూన్ దగ్గరికి తెస్తే మొహం తిప్పుకున్నారంటే ఇంక చాలని, మేము దాన్ని మాటగానే తీసుకుంటాం.

కెనడాలోనే క్యూబెక్ రాష్ట్రం ఇంకా ముందుకెళ్ళింది, 2024 అక్టోబర్ 30 నుంచి తెలివి ఉన్నప్పుడే “ఫలానా స్థితి వస్తే” అని రాసిపెట్టుకోవచ్చు. మా దగ్గర ఒక పెద్దాయనకి కూతురి పేరు గుర్తులేదు, టవల్స్ బుట్ట ముందు పెడితే అంచుకి అంచు కలిపి మడతపెడుతూ హాయిగా కూర్చుంటాడు, మేం విప్పేసి ఇస్తే మళ్ళీ మడతపెడతాడు. కూతురు గుర్తులేని రోజు నాకొద్దు అని ఆయన ఎప్పుడో రాసి ఉంటే ఎవరి మాట వినాలి? నేనైతే ఇప్పుడు నా ముందున్న మనిషి మాటే వింటా. అలాగని రాసుకునే హక్కు వద్దనను, బట్టలు మార్చబోతే భయంతో వణికిపోయి రాత్రంతా అరిచేవాళ్ళని కూడా చూస్తున్నా కదా.

మన దేశంలో సూదికి చట్టం ఒప్పుకోదు. 2004లో ఈ హైదరాబాద్‌లోనే వెంకటేశ్ అనే చెస్ ఆటగాడు, కండరాల జబ్బు, అవయవాలు దానం చేసేలా ముందే చనిపోనివ్వమని అడిగితే హైకోర్టు ఒప్పుకోలేదు, ఆ డిసెంబర్‌లోనే పోయాడు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది లివింగ్ విల్‌కి, బాగయ్యే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసుకోవడం. 2023లో సులువు చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు, అమలు చేసేముందు మాత్రం రెండు మెడికల్ బోర్డులు చూడాలి.

ఇదీ తెలివి ఉన్నప్పుడు రాయాల్సిందే. కానీ మన ఇళ్ళలో నేను చూసేదేంటంటే, రిపోర్టు కొడుకు ఫోన్‌లో ఉంటుంది, డాక్టర్ కొడుకుతోనే మాట్లాడతాడు, ఆ పెద్దాయనకి మాత్రం “వయసు కదా నాన్నా, మరుపు మామూలే” అంటారు. తన జబ్బు పేరే తెలియని మనిషిని ఆయనకేం కావాలో ఎవరు అడుగుతారు, ఎప్పుడు అడుగుతారు?