నీటి కింద రెక్కలు: మూడు దోనెల నమూనా పడవను లేపిన నా అనుభవం

రేడియోతో నడిపే తెరచాప పడవల్లో మినీ 40 అనే తరగతి ఒకటి ఉంది. పడవ పొడవు గానీ వెడల్పు గానీ 1.22 మీటర్లు దాటకూడదు, తెరచాపల మొత్తం వైశాల్యం సుమారు 0.9 చదరపు మీటర్లకు మించకూడదు అన్నవి దాని ముఖ్య నియమాలు. ఆ కొలతలకు లోబడి తిరుపతిలో మా మేడమీద నేనొక ట్రైమరాన్ చేసుకున్నాను. నడుమ ఒక పెద్ద దోనె, అటూ ఇటూ రెండు సన్నని దోనెలు, మూడింటినీ కలిపే రెండు అడ్డదూలాలు; అన్ని పరికరాలతో కలిపి బరువు 2.8 కిలోలు. ఆ పడవకు నీటి కింద రెక్కలు, అంటే హైడ్రోఫాయిళ్లు, గీసి, చేసి, పరీక్షించి, చంద్రగిరి వైపున్న ఒక చెరువులో అది నీటిని విడిచి పరుగెత్తే దాకా సాగిన పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సూత్రాలు ఎక్కడైనా దొరుకుతాయి. మన చెరువుల్లో, మన గాలిలో, మనకు దొరికే సరుకుతో ఆ సూత్రాలు ఎలా పనిచేస్తాయో తెలుగులో రాసినవారు నాకు కనబడలేదు.

ఫాయిల్ అనేది చాలా పాత ఊహ. ఇటలీకి చెందిన ఎన్రికో ఫోర్లానినీ 1906లోనే మజోరే సరస్సు మీద నిచ్చెనమెట్ల వంటి రెక్కలున్న పడవను నడిపాడు. అలెగ్జాండర్ గ్రాహం బెల్, కేసీ బాల్డ్విన్ కలిసి చేసిన హెచ్‌డీ-4 1919లో గంటకు సుమారు 114 కిలోమీటర్ల వేగం అందుకుంది. అవి ఇంజన్లతో నడిచినవి. తెరచాప పడవల విషయానికి వస్తే, 2009లో ఇద్రోప్తేర్ అనే ఫ్రెంచి ట్రైమరాన్ 500 మీటర్ల దూరాన్ని సగటున 51.36 నాట్ల వేగంతో, అంటే గంటకు 95 కిలోమీటర్లతో, దాటింది; 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికాస్ కప్ పోటీల్లో 72 అడుగుల కాటమరాన్లు, అంటే రెండు దోనెల పడవలు, ఫాయిళ్ల మీద పరుగెత్తడం ప్రపంచమంతా చూసింది.

ఎత్తును అదుపులో ఉంచడానికి ఈ పడవల్లో ముఖ్యంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. మోత్ అనే చిన్న పడవల్లో ముక్కు దగ్గర ఒక సన్నని కడ్డీ నీటిమట్టాన్ని తాకుతూ ఉంటుంది. పడవ లేచేకొద్దీ ఆ కడ్డీ కిందికి వాలి, ఫాయిల్ వెనుక అంచున ఉన్న చిన్న రెప్పను కదిలించి లేపే బలాన్ని తగ్గిస్తుంది. ఇద్రోప్తేర్ పద్ధతి వేరు. ఆ పడవలో ఫాయిళ్లు ఏటవాలుగా నీటిమట్టాన్ని చీల్చుకుని దిగుతాయి; పడవ లేచేకొద్దీ నీటిలో ఉండే రెక్క భాగమే తగ్గిపోతుంది కనుక బలం దానంతట అదే తగ్గుతుంది. నేను రెండవదాన్ని ఎంచుకున్నాను. మన చెరువుల్లో నాచు, గుర్రపుడెక్క లేని చోటు అరుదు. వేలెడు పొడవు మీటలు, సూది లావు ఇరుసులతో చేసే కడ్డీకి ఒక్క నాచుపోగు చుట్టుకున్నా అది సరిగా కదలదు. కదిలే భాగమే లేని రెక్క మనకు మేలు.

ఇక లెక్క. ఫాయిల్ ఇచ్చే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. నీటి సాంద్రత గాలికంటే సుమారు 800 రెట్లు ఎక్కువ కాబట్టి అరచేతి వెడల్పు రెక్క కూడా పడవను మోయగలదు. 2.8 కిలోలంటే 27.5 న్యూటన్ల బరువు. సెకనుకు 2.5 మీటర్ల వేగం దగ్గర పడవ నీటిని విడవాలని పెట్టుకున్నాను. బరువులో ఐదింట నాలుగు వంతులు ముందు ఫాయిళ్లు, ఒక వంతు చుక్కాని అడుగున తిరగేసిన టీ ఆకారంలో ఉండే వెనుక ఫాయిల్ మోస్తాయనుకుంటే, ముందు 22, వెనుక 5.5 న్యూటన్లు వస్తాయి. చాలామంది ఇక్కడితో ఆపి రెక్క కొలతలు నిర్ణయించేస్తారు. కానీ ఈ లెక్కలో తెరచాప లేదు.

తెరచాప పడవను ముందుకు తోసే బలం నీటిమట్టం దగ్గర పనిచేయదు, చాలా పైన పనిచేస్తుంది. ఒక మోస్తరు గాలిలో ఆ తోపు 6 న్యూటన్లనీ, అది ఫాయిళ్ల మట్టానికి 75 సెంటీమీటర్ల పైన పనిచేస్తుందనీ అనుకుంటే, పడవ ముక్కును కిందికి వంచే భ్రామకం, అంటే బలాన్నీ దూరాన్నీ గుణిస్తే వచ్చే తిప్పే శక్తి, 4.5 న్యూటన్ మీటర్లు. ముందు, వెనుక ఫాయిళ్ల మధ్య దూరం 65 సెంటీమీటర్లు కాబట్టి సుమారు 7 న్యూటన్ల భారం వెనుక నుంచి ముందుకు జరుగుతుంది. అంటే 22 కాస్తా 29 అవుతుంది, 5.5 కాస్తా సున్న కిందికి దిగిపోతుంది. గాలి బలంగా వీచినప్పుడు వెనుక ఫాయిల్ పడవను మోయదు. తోకను కిందికి లాగి పట్టుకోవలసి వస్తుంది. ఈ ఒక్క సంగతి నా రూపకల్పన మొత్తాన్ని మార్చింది. వెనుక రెక్కకు పైకీ కిందికీ సమానంగా పనిచేసే నాకా 0010 (నాకా అనే పాత అమెరికా విమాన పరిశోధన సంస్థ రెక్క ఆకారాల్లో ఒకటి) వంటి సౌష్ఠవమైన అడ్డుకోత కావాలి. పడవ ఎంత లేచినా ఆ రెక్క నీటిలోనే ఉండేంత పొడవు చుక్కాని కావాలి. అది ఒక్కసారి నీటి పైకి తేలితే తోకను పట్టుకునేది ఏదీ ఉండదు, పడవ ముక్కుతో నీటిలోకి దూసుకుపోతుంది.

పెద్ద పడవల్లో ఈ బాధ ఇంత తీవ్రంగా ఉండదు. అక్కడ మనుషులు వెనక్కి జరిగి కూర్చుంటారు. అంతకంటే ముఖ్యమైనది కొలతల ధర్మం: గాలి అదే అయినప్పుడు పడవను వంచే భ్రామకం పొడవు ఘనంతో మారుతుంది, ఎందుకంటే అది తెరచాప వైశాల్యాన్నీ ఎత్తునూ గుణించినది, పడవను నిలబెట్టే భ్రామకం పొడవు నాలుగో ఘాతంతో మారుతుంది, ఎందుకంటే అది బరువునూ వెడల్పునూ గుణించినది. ఇద్రోప్తేర్ పొడవు 18 మీటర్ల పైమాట. దాన్ని 15 రెట్లు కుదిస్తే నిలబెట్టే శక్తి, వంచే శక్తి కంటే మరో 15 రెట్లు ఎక్కువగా తగ్గిపోతుంది. నమూనా పడవకు పిల్లగాలి కూడా తుఫానే. అందుకే పెద్ద పడవ ఫాయిల్‌ను కొలత తగ్గించి అతికించడం సరైన దారి కాదని నా గట్టి అభిప్రాయం.

29 న్యూటన్ల లెక్కతో, లిఫ్ట్ గుణకం, అంటే రెక్క ఆకారం, కోణం ఎంత లేపగలవో చెప్పే అంకె, 0.6 దగ్గర, గాలివాలు వైపు ఫాయిల్ ఒక్కటే పడవను మోయాలంటే పైనుంచి చూసినప్పుడు కనబడే వైశాల్యం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. రెక్క వెడల్పు 5 సెంటీమీటర్లు, ఏటవాలు 40 డిగ్రీలు పెడితే పొడవు దాదాపు 39 సెంటీమీటర్లు వచ్చింది. వేగం సెకనుకు 4 మీటర్లకు పెరిగినప్పుడు అందులో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే నీటిలో ఉంటే చాలు. అంటే పడవ ఇంచుమించు 15 సెంటీమీటర్లు పైకి లేచి అక్కడ కుదురుకోవాలి.

అడ్డుకోత కోసం మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో మార్క్ డ్రేలా 1986లో రాసిన ఎక్స్‌ఫాయిల్ అనే ప్రోగ్రామ్‌ను వాడాను. నాకా 63-412ను, హైడ్రోఫాయిళ్ల కోసమే టామ్ స్పియర్ గీసిన హెచ్105ను పక్కపక్కన పెట్టి చూశాను. ఇంత చిన్న రెక్కకు రేనాల్డ్స్ సంఖ్య, అంటే వేగం, రెక్క వెడల్పు, నీటి చిక్కదనాన్ని బట్టి ప్రవాహం తీరును చెప్పే అంకె, లక్షన్నర దగ్గరే ఉంటుంది. ఆ స్థాయిలో రెక్క మీది నీటిపొర మధ్యలో విడిపోయి మళ్లీ అతుక్కునే గుణం ఎక్కువ కాబట్టి, అడ్డుకోత పేరుకంటే ముందు అంచు నునుపు, వెనుక అంచు పలచదనం ఎక్కువ తేడా తెస్తాయి. ఒక చిన్న లాభం మన ఎండ వల్ల ఉంది: 30 డిగ్రీల నీటి చిక్కదనం 20 డిగ్రీల నీటికంటే ఐదో వంతు తక్కువ, ఆ మేరకు రేనాల్డ్స్ సంఖ్య పెరుగుతుంది. చివరికి 63-412నే ఎంచుకున్నాను.

అచ్చు తీయడానికి కావలసిన కొయ్య నమూనాను ఏర్పేడు దగ్గరి మాధవమాలలో చెక్కించాను. దేవతా విగ్రహాలు చెక్కే ఆ ఊరి చేతులకు మిల్లీమీటరులో సగం తేడా కూడా కంటికి ఆనుతుంది. అల్యూమినియం రేకుతో కత్తిరించిన మూసలు చూపించగానే ఆ పెద్దాయన, “లావు యాడుండాలో గీత పెట్టియ్యి సామీ, మిగతాది ఉలి చూసుకుంటాది” అన్నారు, అన్నట్టే చేశారు. ఆ నమూనా మీద రెండు ముక్కల అచ్చు తీసి, లోపల కార్బన్ ఫైబర్ గుడ్డ, ఎపాక్సీ వేసి రెక్కలు పోశాను. ఎండాకాలం మధ్యాహ్నం మా ఊరిలో ఎపాక్సీ కలిపిన గిన్నెలోనే గట్టిపడుతుంది కాబట్టి ఆ పని తెల్లవారుజామునే ముగించాలి. పోగులన్నీ పొడవునా పరిస్తే రెక్క వంగదు గానీ మెలి తిరుగుతుంది. పైపొరను 45 డిగ్రీల వాలున వేస్తేనే ఆ మెలిక ఆగుతుంది. మెలికను ఎందుకింత పట్టించుకోవాలంటే, సెకనుకు 3 మీటర్ల వేగంలో రెక్క కోణం ఒక్క డిగ్రీ మారితే బలం సుమారు 4 న్యూటన్లు మారుతుంది. అది పడవ బరువులో ఏడో వంతు. అందుకే పోసిన ప్రతి రెక్కనూ ఒక చివర బిగించి, రెండో చివర మూడు కిలోల రాయి వేలాడదీసి, వంపునూ మెలికనూ కొలిచాకే పడవ దగ్గరికి తెచ్చాను.

పరీక్షకు నీళ్లు వెదకడం వేరే పని. కల్యాణి డ్యాం తాగునీటి జలాశయం, పులికాట్ పక్షుల రక్షిత ప్రాంతం. ఆ రెండింటినీ మొదటే వదిలేశాను. ఊరి చెరువే మిగిలింది. చేపల పాట పాడుకున్నవారిని అడిగితే అభ్యంతరం చెప్పలేదు. “మొరవ పక్కన వలలు కట్టింటాం సామీ, అటు మాత్రం పోనీయబాకండి” అని హద్దు చూపించారు. మన చెరువులకు నీళ్లొచ్చేది ఈశాన్య రుతుపవనాలతో. గాలి వచ్చేది ఆషాఢంలో, అప్పటికి నీళ్లు అడుగంటుతాయి. ఈ పొత్తు కుదరని కాలాలను వాడుకునే మార్గం ఒక్కటే కనబడింది. కార్తీకం, మార్గశిరం ఉదయాల్లో గాలి కదలని నీటి మీద రెక్కను తాడుతో లాగి బలాలు కొలవడం, గాలి వచ్చాక పడవను నడపడం.

లాగే ఏర్పాటు సులువైనదే. ఎనిమిది సెంటీమీటర్ల అడ్డుకొలత గల కండెను బ్యాటరీ డ్రిల్లుకు బిగించాను. అది నిమిషానికి 600 సార్లు తిరిగితే తాడు సెకనుకు 2.5 మీటర్లు చుట్టుకుంటుంది. రెండు థర్మోకోల్ దుంగల మీద తేలే చట్రానికి నడుమ ఫాయిల్, లేపే బలానికొక లోడ్‌సెల్ (బలాన్ని కొలిచే చిన్న పరికరం), లాగే బలానికొక లోడ్‌సెల్, అంకెలు రాసుకునేందుకు ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. కట్టమీద డ్రిల్లు పట్టుకునే పని మా మేనల్లుడిది. మొదట ఫాయిల్ లేకుండా చట్రాన్ని మాత్రమే లాగి దాని నిరోధాన్ని కొలుచుకుంటే, తరువాతి అంకెల్లోంచి దాన్ని తీసేయవచ్చు. మూడు డిగ్రీల కోణంలో లేపే బలం, నిరోధానికి ఇంచుమించు తొమ్మిది రెట్లు వచ్చింది. కోణం పెంచుకుంటూ పోతే ఏడెనిమిది డిగ్రీల దగ్గర బలం హఠాత్తుగా సగానికి పడిపోయింది. “మామా, రెక్క పైన తెల్లగా ఏదో గొట్టం మాదిరి కనిపిస్తా ఉంది” అని వాడే ముందు చూశాడు. అది గాలి. నీటిమట్టాన్ని చీల్చే రెక్క పైవైపు ఒత్తిడి తగ్గి, పైనున్న గాలి ఆ వెంబడే కిందికి జారి రెక్కను కప్పేస్తుంది. పెద్ద వేగాల్లో నీరే ఆవిరయ్యే కావిటేషన్ వేరు; మన వేగాలకు దాని చింత లేదు. గాలి జారకుండా రెక్క ముందు అంచును చుట్టి ఐదేసి సెంటీమీటర్లకొక పలుచని అడ్డుపలక అతికించాను. నిరోధం కొద్దిగా పెరిగింది గానీ, బలం పడిపోయే హద్దు స్పష్టంగా దూరం జరిగింది. ఆ మార్పిడి పూర్తిగా లాభమేనని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే ఒక పక్క బలం హఠాత్తుగా పోతే పడవ బోర్లా పడుతుంది.

అదృష్టవశాత్తు ఆ ఏడు చెరువులో ఆషాఢం దాకా నీళ్లు నిలిచాయి. పడమటి గాలి కొండల సందుల్లోంచి వస్తుంది కాబట్టి ఒకే తీరుగా ఉండదు. కాసేపు నెమ్మదిగా ఉండి ఒక్కసారిగా విసురుతుంది. ముందు ఫాయిళ్లను మూడు డిగ్రీలకు, వెనుకదాన్ని సున్న దగ్గర పెట్టి వదిలితే పడవ చక్కగా లేచింది; విసురు తగిలినప్పుడల్లా లెక్క చెప్పినట్టే ముక్కు కుంగింది. అప్పుడు బ్యాటరీనీ, తెరచాప తాడు లాగే వించ్‌నూ, కలిపి 400 గ్రాములు, 45 సెంటీమీటర్లు వెనక్కి జరిపాను. దానితో వెనుక ఫాయిల్ వాటా ఐదో వంతు నుంచి మూడు పదో వంతులకు పెరిగింది. 8 న్యూటన్ల పైచిలుకు భారంలోంచి విసురు 7 తీసేసినా వెనుక ఇంకా కొంత మిగులుతుంది కనుక తోక తేలిపోలేదు. అయితే పలుచని గాలిలో వెనుక బరువు వల్ల పడవ ఆలస్యంగా లేస్తుంది. ఆ నష్టాన్ని తగ్గించడానికి వెనుక ఫాయిల్ కోణాన్ని అర డిగ్రీ పెంచాను. ముందు, వెనుక కోణాల మధ్య తేడా రెండు డిగ్రీలకు తగ్గితే మాత్రం పడవ ఎత్తు నిలకడగా ఉండకుండా పైకీ కిందికీ ఊగుతుందని గమనించి, రెండున్నర దగ్గర ఆపాను.

ప్రస్తుతం నా పడవ ఈ అమరికతోనే నడుస్తోంది. వెనుక ఫాయిల్‌కు చిన్న సర్వో మోటారు పెట్టి, గాలి విసిరినప్పుడు దాని కోణాన్ని చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచే మార్చే ఏర్పాటు మీద ఇప్పుడు పనిచేస్తున్నాను. నీరు చొరబడని ఇరుసు కోసం రెండు రకాల సీళ్లను బకెట్టు నీటిలో పరీక్షకు పెట్టాను, చెరువు నిండగానే వాటిలో నిలిచినదాన్ని చట్రానికి బిగించి మళ్లీ తాడుతో లాగి కొలుస్తాను.