గాజు స్లైడు మీద చోటు ఎవరికి

బెర్లిన్‌లో నేను చేసే పనేంటో గుంటూర్లో మావాళ్లకి ఇప్పటికీ అర్థం కాదు, ల్యాబ్ అంటే రక్తపరీక్షలే అనుకుంటారు. నిజానికి నా రోజులో సగం ఎక్సెల్ షీటు ముందే పోద్ది. 75 బై 25 మిల్లీమీటర్ల గాజు స్లైడు, దానిమీద వందలూ వేలూ చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో పెప్టైడ్, అంటే ప్రోటీన్‌లో చిన్న ముక్క. పేషెంట్ సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు, పోస్తే అందులో యాంటీబాడీలు వాటికి నప్పిన ముక్కని పట్టుకుంటాయి, తర్వాత రంగు అంటించిన ఇంకో యాంటీబాడీ వేసి స్కానర్లో పెడితే ఆ చుక్కలు వెలుగుతాయి.

ఏ ముక్కలు పెట్టాలా అన్నదే నా గొడవంతా. కరోనా స్పైక్ ప్రోటీన్‌నే తీసుకోండి, దండలో పూసల్లాగా 1273 అమైనో ఆమ్లాలు. పదిహేనేసి చొప్పున వరసగా కోసుకుంటూ పోతే యాంటీబాడీ పట్టుకునే చోటే కత్తి పడొచ్చు, అందుకే నాలుగేసి జరుపుతూ కోస్తాం, ప్రతి ముక్కలో 11 ముందు ముక్కవే ఉంటాయి, పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు ఇంకో పెంకుని కప్పినట్టు. మొత్తం 315 దాకా వస్తాయి, ఒక్కోటీ మూడుచోట్ల వేస్తాం.

ఆ మూడూ పక్కపక్కన వద్దు, ఒక మూల సరిగ్గా కడగకపోతే మూడూ పోతాయి అంటది మా సీనియర్ టెక్నీషియన్, మీటింగులో అందరి ముందూ బాస్‌తో కుదరదని చెప్పేస్తది, ఆయనేమో మామూలుగా నోట్ చేసుకుంటాడు. కొత్తలో నాకు గుండె ఆగినంత పనయ్యేది, ఇంత పెద్దావిడని పేరు పెట్టి పిలవాలంటే నాకిప్పటికీ నోరు రాదు. ఐదయ్యిందంటే మాత్రం బ్యాగు తగిలించుకుని పోద్ది, ఎవరూ ఏమనరు.

ఇందులో ఒక పెద్ద అడుగు పడింది కూడా జర్మనీలోనే, రోనాల్డ్ ఫ్రాంక్ అని బ్రౌన్‌ష్వైగ్‌లో ఆయన కాయితం లాంటి సెల్యులోజ్ మీదే పెప్టైడ్లు తయారుచేసే స్పాట్ పద్ధతి 1992లో రాశాడు. ఇప్పుడందరూ ఎన్ని చుక్కలు పట్టించారని గొప్పలు పోతారు గానీ నన్నడిగితే ముందు కంట్రోల్స్, అంటే పోల్చి చూసుకోడానికి వేసే పరీక్షలు చూడాలి, సీరం వెయ్యకుండా ఆ రెండో యాంటీబాడీ ఒక్కటే వేసినా వెలిగే చుక్క దేనికి పనికొస్తది? అసలు వెలిగిందాన్ని కూడా ఎలైజా అనే ఇంకో యాంటీబాడీ పరీక్షలో మళ్లీ చూసుకోవాల్సిందే.

మా బాబాయికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు, "ఏమ్మా, మా తుమ్ములకేమన్నా కనిపెట్టొచ్చుగా మీ మిషన్లో" అంటాడు. "బాబాయ్, ఘాటు క్యాప్సైసిన్‌ది, అది ప్రోటీన్ కాదు, నేరుగా నరాలకి తగుల్తది, మా స్లైడు యాంటీబాడీలనే చూపిస్తది" అంటే "అయితే ఎందుకమ్మా అంత దూరం పోయింది" అని నవ్వుతాడు. ఆయన తుమ్ములొక్కటే కాదు, మడతపడిన ప్రోటీన్ ఆకారాన్ని చూసి పట్టుకునే యాంటీబాడీలు కూడా మా ముక్కలకి దొరకవు, ఈ సంగతి పేపర్లలో చివర ఒక్క లైనుతో సరిపెట్టేస్తారు.

ప్రస్తుతం తగువు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మీద. అది ఆక్సీకరణకి గురై ఒకదానికొకటి అతుక్కుంటది కాబట్టి దాని బదులు సెరీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం పెట్టేద్దామని బాస్, అసలైన వరస మార్చొద్దని నేను. చివరికి రెండూ వేద్దామన్నాను, చోటెక్కడిదని టెక్నీషియన్ నామీదకొచ్చింది, ఇంకా తేలలా.