ఒప్పుకోదగిన లోపాలు

మనుషులు తమ లోపాలను ఒప్పుకోరని ఒక అపప్రథ ఉంది. నిజానికి ఒప్పుకుంటారు, అదీ ఎవరూ అడగకుండానే. కాకపోతే ఒప్పుకోవడానికి పనికొచ్చే లోపాలను ముందే ఏరి పక్కన పెట్టుకుంటారు. "నాకు మొహమాటం ఎక్కువండీ, ఎవరేమడిగినా కాదనలేను" అనేవారు వీధికి నలుగురు దొరుకుతారు. "నేను పరమ పిసినారినండీ" అనిగానీ, "పక్కింటివాళ్ళు మేడ కడుతుంటే నాకు అన్నం సయించదండీ" అనిగానీ చెప్పినవారు మాత్రం నాకింతవరకు తారసపడలేదు.

ఈ విద్య పరాకాష్ఠకు చేరేది పెళ్ళిచూపుల్లో. పిల్లవాడి చదువు, జీతం, సొంత ఫ్లాట్ వివరాలన్నీ అయ్యాక, కాఫీ గ్లాసు కింద పెడుతూ తల్లి గొంతు కాస్త తగ్గించి, "దాచడమెందుకు వదినగారూ, మావాడిలో ఒక్కటే లోపం, ఎవరిని పడితే వాళ్ళను నమ్మేస్తాడు" అంటుంది. అవతలివారు "మా అమ్మాయీ అంతేనండీ, ఎవరికి కష్టమొచ్చినా చూడలేదు" అని అంతే నిజాయితీగా బదులిస్తారు. ఇరువైపులా లోపాల ప్రకటన ముగిసి ఎవరికీ నష్టం కలగలేదు గనుక మాటలు కట్నకానుకల వైపు సాగుతాయి. ఉద్యోగాల ఇంటర్వ్యూలలో "పని సరిగ్గా లేకపోతే నాకు నిద్ర పట్టదు సార్" అనే అభ్యర్థిదీ ఇదే బాణీ.

వీటన్నిటిలోనూ నాకు బాగా నచ్చినది "ముక్కుసూటితనం". "నాది ముక్కుసూటి వ్యవహారం, ఉన్నదున్నట్టు మొహమ్మీదే అనేస్తాను, అదే నాకున్న చెడ్డగుణం" అనే పెద్దమనిషిని కాస్త దగ్గరగా గమనిస్తే, ఆయన ముక్కు ఎప్పుడూ ఒకే దిక్కును చూపదని తెలుస్తుంది. భార్య వంటమీద, తమ్ముడి వ్యాపారంమీద, హోటల్లో బల్ల తుడిచే కుర్రాడిమీద అది సూటిగానే ఉంటుంది. పై అధికారి గదిలో అడుగుపెట్టగానే మర్యాదగా పక్కకు తిరుగుతుంది. అదే మాట ఎవరైనా ఆయన మొహమ్మీదే అన్నారనుకోండి, దానిని ముక్కుసూటితనమని ఆయన చచ్చినా ఒప్పుకోడు, నోటిదురుసు అంటాడు.

ఎదుటివారి లోపాల విషయానికొస్తే ఇంత ఉదారత ఉండదు, గురివింద ఎత్తు తేడా కూడా పోనివ్వము. వెనకటికి కంసాలులు ఆ గింజలతోనే బంగారం తూచేవారు. ఒక్కోటి సుమారు 0.12 గ్రాముల బరువు తూగుతుంది. తన కింద నలుపు తానెరుగదని లోకమంతా ఆడిపోసుకునే గింజనే, ఇతరులను తూచేందుకు త్రాసులో కూర్చోబెట్టడం వెనుక మన పూర్వుల హాస్యం ఉందో లేదో గానీ, పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్న ప్రతిసారీ నాకా త్రాసే గుర్తొస్తుంది. పప్పులో ఉప్పు లేదని, గారెలు గట్టిపడ్డాయని, ఆడపెళ్ళివారు పిసినారులని తేల్చినాయన, ఆ తేల్చిన గారెలనే మారు వడ్డించుకుని మరీ నిర్ధారించుకుంటాడు.

దీనిమీద శాస్త్రీయంగానూ పరిశోధన జరిగింది. అమెరికాలో ఎమిలీ ప్రోనిన్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పాల్గొన్నవారు తమకంటే తోటివారికే పక్షపాత బుద్ధి ఎక్కువని తేల్చారు. తమను తాము సగటుకంటే మెరుగ్గా అంచనా వేసుకోవడం మానవ సహజమని వివరించి చెప్పాక కూడా, వారిలో ఎక్కువమంది తమ అంచనా మాత్రం సరైనదేనని పట్టుబట్టారు.

ఈ అధ్యయనం సంగతి మా బంధువుల్లో ఒక ముక్కుసూటి పెద్దాయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన తల పంకిస్తూ శ్రద్ధగా విని, "అక్షరాలా నిజం, మా పెద్దబావ అచ్చం ఇలాగే ఉంటాడు. అదేదో నాకు వాట్సాప్‌లో పెట్టు, ఆయనకు పంపిస్తాను" అన్నారు.