డాప్లర్ నార్మలట, ఇంక పండగే

పన్నెండయినా నిద్ర పట్టట్లేదు. కడుపుతో ఉన్న మా చెల్లి, చిన్నదాని డాప్లర్ స్కాన్ (రక్తం ఎలా పారుతోందో చూసేది) రిపోర్టు ఫ్యామిలీ గ్రూపులో పెట్టానా, ఇక చూడాలి: పూలగుత్తులు, లడ్డూ బొమ్మలు, "మనవడు గట్టివాడే!" మనవడని వీళ్లకెవరు చెప్పారో, లింగ నిర్ధారణ నేరమని గోడంత బోర్డు ఉంటేనూ.

బొడ్డుతాడులో రక్తప్రవాహం నార్మల్ అన్న ముక్క ఒక్కటే అందరికీ కనబడింది. దాని పక్కనే ఇంకో ఫొటో పెట్టాను. బీపీ 150/100, యూరిన్‌లో ప్రొటీన్ రెండు ప్లస్‌లు, రెండూ తల్లికి ప్రమాద గుర్తులే. ఒక్కరూ తెరిచిన పాపాన పోలేదు.

స్కాన్ గదిలో మరిది, అంటే చిన్నదాని మొగుడు, తెరమీద రంగులు చూసి "నీలం చెడ్డ రక్తమా మేడమ్?" అన్నాడు. ప్రోబు వైపు వచ్చేది ఎరుపు, అటు పోయేది నీలం, అంతేనంది డాక్టరమ్మ. కింద రంపం పళ్లలా ఒక గీత. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక పన్ను లేస్తుంది. పన్నుకీ పన్నుకీ మధ్య కూడా గీత అడుగుకి తాకకూడదట. అంటే గుండె సడలినప్పుడూ మాయ వైపు రక్తం పోతూనే ఉండాలి. తాకితే ప్రమాదం. అడుగు దాటి కిందికి దిగిందంటే రక్తం వెనక్కి మళ్లుతున్నట్టు, కాన్పు ఇక ఎక్కువ ఆపరు. బిడ్డ మెదడు రక్తనాళం కూడా చూసింది. మాయ నుంచి సరిగా అందకపోతే బిడ్డ ఉన్నదాన్ని ముందు మెదడుకి మళ్లించుకుంటుందట.

నాకు పిన్ని గుర్తొచ్చింది. సీమంతం నాడు గాజులు ఎక్కకపోతే సబ్బు రాసి మరీ ఎక్కించారు. చేతులకి నీరు పడితే మంచిదేనన్నారు. తలనొప్పంటే దిష్టి తీశారు, కళ్లముందు మెరుపులంటే నీరసమన్నారు. తెల్లవారుజామున గుర్రపువాతం, అదే ఫిట్స్, కమ్మింది. పక్కూరి అంబాసిడర్ కారు తెచ్చి టౌనుకి తీసుకెళ్లేసరికి ఎండెక్కింది. ఆ గాజులు ఆసుపత్రిలో కోసి తీశారని మేం చెబితేనే పిన్నికి తెలుసు, ఆ రోజులేవీ తనకి గుర్తులేవు. బిడ్డ దక్కలేదు. ఇల్లంతా బిడ్డ కోసం ఏడ్చింది. ఆ తలనొప్పి సంగతి మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పొద్దున అత్తయ్య "వారం వారం స్కాన్, డబ్బు దండగ" అంటే గయ్యిమన్నాను. ఆవిడ మాటలో కొంత నిజం లేకపోలేదు. డాప్లర్ జబ్బేమీ తగ్గించదు. మాయ పని ఎలా ఉందో చెబుతుంది, అంతే. అది బాగున్నా తల్లికి బీపీ పెరగొచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. రిపోర్టు చేతికిస్తూ డాక్టరమ్మ ఈ మాటే చెప్పింది. మరిది ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటున్నాడు. కానీ ఇప్పుడు 33వ వారం. ఇంకో వారం ఆగొచ్చా అన్నది తేల్చడానికి ఈ గీత ఉండాలి కదా, బిడ్డ ఊపిరితిత్తులకి ఒక్క వారమైనా ఎక్కువే. కాబట్టి దండగ కాదు. రేపు మళ్లీ అంటే మళ్లీ గయ్యిమంటాను.

గ్రూపునీ తిట్టి లాభం లేదేమో. బయటికి రాగానే చిన్నదే "అక్కా, గీత తాకలేదు కదా?" అని అడిగింది. తన బీపీ ఊసే ఎత్తలేదు. తలనొప్పుందా అంటే లేదంది. ఉన్నా చెప్పే రకం కాదు.

బీపీకిచ్చిన లాబెటలాల్ రాత్రి మాత్ర వేసుకుందా అని మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబు లేదు. మరిదికి పెడితే బొటనవేలు బొమ్మ పంపాడు. వేసుకున్నట్టా, వేస్తానన్నట్టా?